పందొమ్మిదేళ్లప్పుడు చూసిన కిమ్ బోక్-జూని మళ్లీ చూస్తున్నా, ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?

చాక్‌పొడి (బరంపురం)

'వెయిట్‌లిఫ్టింగ్ ఫెయిరీ కిమ్ బోక్-జూ' సీరియల్ గుర్తుందా? కొరియాలో ఎంబీసీ ఛానెల్లో 2016 నవంబరు నుంచి 2017 జనవరి దాకా వచ్చింది. మొత్తం 16 భాగాలు. ఆ ఏడాది ఎండాకాలం సెలవులకి ముందు మా హాస్టల్లో ఒక సీనియర్ అప్ప పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. గదికి నలుగురు ఉండాల్సిన చోట తొమ్మిది మందిమి మంచాల మీద ఎక్కి కూర్చుని, ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఒకరు చదివి ఇంకొకరికి తెలుగులోనో ఒడియాలోనో చెప్పుకుంటూ చూశాం. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు చూసి, తర్వాతి కథ మేమే అల్లుకుని పడుకునేవాళ్లం.

మేమంతా ఆటల పిల్లలం. నేను బరువులు ఎత్తేదాన్ని. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ రెండో సంవత్సరం దాకా, 58 కిలోల విభాగంలో (అది ఎత్తే బరువు కాదు, ఒంటి బరువు). టీవీలో నాలాంటి పని చేసే ఆడపిల్లని కథానాయికగా చూడటం అదే మొదటిసారి. పట్టు జారకుండా అరచేతులకి చాక్‌పొడి రాసుకుంటుంది, చప్పుడొచ్చేలా చప్పట్లు కొడుతుంది, కడుపునిండా తింటుంది. ఎవరూ చూడనప్పుడు అద్దంలో తన భుజాలు చూసుకుంటుంది. ఆ చూపు మాకందరికీ తెలుసు.

అప్పుడు మాకు అది ప్రేమకథే. ఈతగాడు జూన్-హ్యుంగ్ ఎప్పుడు నోరు విప్పుతాడా అని రాత్రంతా కాచుకున్నాం. ఈ మధ్య పెళ్లయిన మూడేళ్లకి మళ్లీ పెట్టుకున్నా. మొదటి నాలుగు భాగాల్లోనే నాకు ఊపిరాడలేదు. ప్రేమ దగ్గర కాదు, ఆ అబద్ధం దగ్గర.

చూడనివాళ్ల కోసం చెప్తున్నా. బోక్-జూ ఒక డాక్టరుని ఇష్టపడుతుంది. ఆయనది బరువు తగ్గించే క్లినిక్. ఆయన్ని చూడటం కోసం అందులో చేరుతుంది. తను వెయిట్‌లిఫ్టర్‌నని చెప్పదు. చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయిస్తానంటుంది. అప్పుడు ఆ ముక్కకి మేం పడీపడీ నవ్వాం. ఇప్పుడు రిమోట్ నొక్కి ఆపేసి వంటగదిలోకి పోయాను.

ఎందుకంటే నా పెళ్లిచూపుల్లో, "అమ్మాయి ఆటలవీ ఆడేదా?" అని వాళ్లడిగితే, మా మేనత్త "షటిల్ ఆడేదండీ సరదాకి" అంది. నేను తల వంచుకుని కూర్చున్నా. ఆ రోజు నుంచి మా ఇంట్లో నేను షటిల్ ఆడిన అమ్మాయినే. పతకాలు, సర్టిఫికెట్లు అమ్మావాళ్లింట్లో ట్రంకు పెట్టెలో పాత చీరల కింద ఉన్నాయి. అరచేతిలో కాయల గురించి మావారు అడిగితే, హాస్టల్లో నీళ్ల బకెట్లు మోసి వచ్చాయని చెప్పాను.

మొన్న రాత్రి ఆయన పక్కన కూర్చుని ఒక భాగం చూశారు. "ఆ అమ్మాయి బొటనవేలు లోపలికి పెట్టి దాని మీద వేళ్లు మూస్తోందేంటి, నొప్పెట్టదూ?" అన్నారు. నేను ఆలోచించకుండా, "అది హుక్ గ్రిప్, మొదట్లో ఏడిపిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది" అనేశాను. "నీకెలా తెలుసు?" అన్నారు. "ఎక్కడో చదివాను" అన్నాను.

అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. ఈ సీరియల్ మళ్లీ చూసినవాళ్లు ఉంటే రాయండి. మీకేం మారి కనిపించింది?

---

గోపాల్‌పూర్ కెరటం (ఛత్రపురం)

నేనున్నాను. నేను చూసింది మా అక్క చూస్తుంటే. అందులో ఈతగాడున్నాడని తెలిసి కూర్చున్నాను, నేను ఈదేవాణ్ని కాబట్టి.

జూన్-హ్యుంగ్ ఒక అంతర్జాతీయ పోటీలో కూత రాకముందే దూకి అనర్హుడవుతాడు. ఆ తర్వాత స్టార్టింగ్ బ్లాక్ ఎక్కితే చాలు, కాళ్లు చచ్చుబడిపోతాయి. ఈతలో రెండో అవకాశం ఉండదు. ఒక్కసారి ముందుగా దూకితే తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోవడమే.

నాకు యూనివర్సిటీ పోటీల్లో, 100 మీటర్ల ఫ్రీస్టైల్లో అదే జరిగింది. అందరూ నిలబడి ఉన్నారు, నేనొక్కణ్నే నీళ్లలో ఉన్నాను. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఒడ్డుకొచ్చి నడుస్తుంటే సిమెంటు మీద నా తడి పాదాలు పడుతున్నాయి, వాటినే చూసుకుంటూ డ్రెస్సింగ్ రూముకి పోయాను. ఇంట్లో మాత్రం "ఎనిమిదో స్థానం వచ్చింది" అని చెప్పాను. అంటే నేనూ దాచినవాణ్నే అప్పా.

ఇప్పుడు చూస్తే, అతను కౌన్సెలింగ్‌కి వెళ్లడం నాకు పెద్ద విషయంగా కనిపించింది. అప్పట్లో అవి ముందుకి జరిపేసి బోక్-జూతో గొడవలు పడే చోటికి పోయేవాణ్ని.

---

గుణుపురం బండి (గుణుపురం)

నేను వేరే మాట చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి. నేను మళ్లీ చూడటం మొదలుపెట్టి మూడో భాగంలో ఆపేశాను.

జూన్-హ్యుంగ్ ఆ పిల్లని చిన్నప్పటి పేరుతో పిలుస్తాడు కదా, లావుపిల్లా అని. వందసార్లు పిలుస్తాడు. అదే ముద్దంటారు, అదే ప్రేమంటారు. నన్ను ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా 'బస్తా' అన్నారు. ముద్దుగానే అన్నారు. ఒకరోజు రైల్లో, నౌపడా నుంచి ఇంటికొస్తుంటే, పాతికమంది ముందు నా స్నేహితుడే ఆ పేరు పెట్టి కేకేశాడు. పర్లాకిమిడిలో దిగిపోయి తర్వాతి బస్సు ఎక్కాను. స్నేహితుడికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

ఇంకోటి. బోక్-జూగా వేసిన లీ సంగ్-క్యుంగ్ మోడలింగ్ నుంచి వచ్చిన నటి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఆమెనే లావంటే, నిజంగా లావుగా ఉన్న పిల్ల ఆ సీరియల్ చూసి ఏమనుకోవాలి? 2017లో నాకిది తట్టలేదు, నేనూ నవ్వాను. ఇప్పుడు మా అన్న కూతురు పక్కన కూర్చుని చూస్తుంటే నాకు నవ్వు రాలేదు.

---

మజ్జిగౌరి వీధి (రాయగడ)

గుణుపురం తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజం. నేను ఆ సీరియల్‌ని ప్రాణంగా ప్రేమిస్తాను, అయినా నీ మాట కాదనలేను.

కాకపోతే ఒక్కటి గమనించు. వాళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే బడి. అతను కిటికీలోంచి పడిపోతుంటే ఆ పిల్లే పట్టుకుని కాపాడుతుంది. ఆ పేరు ఆ బడి రోజుల నాటిది. అతని నోట్లో ఆ పేరుకి అర్థం "నన్ను మోసినదానివి" అని నేను అనుకున్నాను. కానీ వినేవాళ్ల చెవికి అది ఎలా పడుతుందో నిర్ణయించేది అతను కాదు, నువ్వన్నట్టు.

నాకు పూర్తిగా మారిపోయింది షి-హో విషయం. రిథమిక్ జిమ్నాస్టిక్స్ చేసే పిల్ల, జూన్-హ్యుంగ్ పాత స్నేహితురాలు, బోక్-జూ రూమ్మేటు. అప్పుడు ఆ పిల్ల తెర మీదికొస్తే తిట్టేవాళ్లం. బోక్-జూ రహస్యం బయటపెట్టిందని, మనసు మంచిది కాదని.

నేను జూడో ఆడాను. 48 కిలోలు. తూకం ముందు రోజు నీళ్లు తాగేదాన్ని కాదు. రెండు స్వెట్టర్లు వేసుకుని, మే నెలలో, రాయగడ ఎండలో పరిగెత్తేదాన్ని. ఉమ్మి కూడా బరువేనని డబ్బాలో ఉమ్ముతూ కూర్చునేవాళ్లం. తూకం అయ్యాక ఆరు అరటిపళ్లు, పావుకిలో జిలేబీ తిని, కడుపు పట్టుకుని మెలికలు తిరిగి, మ్యాట్ ఎక్కేదాన్ని. అది క్రమశిక్షణ అనుకున్నాం. పెద్దవాళ్లు కూడా అదే అన్నారు.

ఈసారి షి-హో ఒంటరిగా తినే చోటు వచ్చింది. దొంగలా తినడం, తర్వాత బాత్రూంలోకి పోవడం. నేను మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. ఇంట్లో డబ్బంతా ఆ పిల్ల శిక్షణకే పోయింది. ఓడిపోయే హక్కు కూడా లేదు. 19 ఏళ్లప్పుడు ఆమె నాకు విలన్. ఇప్పుడు ఆ సీరియల్లో నిజంగా సాయం అడగాల్సిన మనిషి ఆమె ఒక్కతే అనిపించింది, ఎవరినీ అడగలేకపోయింది కూడా ఆమే.

ఆమె చేసిన తప్పు తప్పే. నేను వెనకేసుకురావట్లేదు.

---

జయపురం మాస్టారు (జయపురం)

నేను ముప్పై రెండేళ్లు బడిలో పీఈటీగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి బలవంతం మీద ఈ సీరియల్ చూశాను. కొరియా భాష తెలియదు గాని, జిమ్‌లో ప్లేటు కింద పడిన చప్పుడు ఏ దేశంలోనైనా ఒకటే.

చాక్‌పొడి తల్లీ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నువ్వు దేన్ని చీరల కింద దాచావో నీకు గుర్తు చేయాలనిపించి రాస్తున్నాను.

2000 సెప్టెంబరు 19. సిడ్నీ. ఆడవాళ్లకి ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (బారుని, అంటే బరువుల కడ్డీని, ఒక్క ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మన దేశంలో ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి ఆడమనిషి. ఎక్కడి పిల్ల? ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. అంటే పర్లాకిమిడి వాళ్లకి పొరుగూరి పిల్ల కిందే లెక్క. పేపర్లో ఊరి పేరు చూసి మా బళ్లో తెలుగు పిల్లలు "సార్, ఇది మన శ్రీకాకుళమే" అని ఎగిరారు.

చివరి ప్రయత్నానికి ఆమె 137.5 అడిగింది. బంగారం కోసం. నిలవలేదు. ఏడున్నర కిలోలు ఒక్కసారే పెంచడం తప్పని ఇప్పటికీ కొందరంటారు. నేనననను. ఆ బరువు పేరు పెట్టి అడగడానికి ఎంత గుండె కావాలో బారు ముందు నిలబడినవాళ్లకే తెలుసు.

ఇక మీ బరంపురంలో చూడు. కటులు రవికుమార్. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల్లో బంగారం, 2014 గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి. ఆ కుర్రాడి పేరు చెప్పుకుని మీ ఊరు ఊరంతా మురిసింది కదా. అదే పని ఆడపిల్ల చేస్తే షటిలని ఎందుకు చెప్పాల్సొచ్చింది?

మీ మేనత్తని తప్పుపట్టట్లేదు. ఆవిడ భయం నాకు తెలుసు. నేను కూడా పిల్లల ఇళ్లకి వెళ్లి "ఆడపిల్లకి కండలొస్తే పెళ్లవదు మాస్టారూ" అన్న మాట వినీ వినీ ఉన్నాను.

---

గోపాల్‌పూర్ కెరటం

మాస్టారూ, ఆ బోక్-జూ పాత్రకి స్ఫూర్తి కొరియా లిఫ్టర్ జాంగ్ మి-రాన్ అంటారు కదా?

---

జయపురం మాస్టారు

అవును బాబూ. 2008 బీజింగ్‌లో 75 కిలోల పైబడిన విభాగంలో బంగారం. స్నాచ్ 140, క్లీన్ అండ్ జర్క్ 186, మొత్తం 326. కథ ఆమెది కాదు, స్ఫూర్తి మాత్రమే. కథలో అమ్మాయి ఆమె కంటే చాలా తేలిక విభాగం.

ఒక లోపం కూడా చెప్పాలి. సీరియల్లో ఎత్తే తీరు కొన్ని చోట్ల సరిగా లేదు. బారు శరీరానికి దూరంగా పోతుంది. అలా నిజంగా ఎత్తితే నడుం పట్టేస్తుంది. పిల్లలు చూసి ఇంట్లో ప్రయత్నించకూడదు.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నాకు నలభై నాలుగు. నేను దీన్ని మొదటిసారి చూసింది పెద్దయ్యాకే, రెండోసారి చూస్తోంది మా పాపతో. పాపకి పదిహేను. కాబట్టి మీ పందొమ్మిదేళ్ల చూపు నాకు లేదు.

అందరూ బోక్-జూ దాచిన సంగతే చెప్తున్నారు. ఆ ఇంట్లో దాచింది ఆ పిల్ల ఒక్కతేనా? తల్లి లేదు. నాన్న కోడిమాంసం వేయించి అమ్మే చిన్న కొట్టు పెట్టుకుని, తమ్ముడితో కలిసి నెట్టుకొస్తుంటాడు. కిడ్నీ జబ్బు మనిషి. తన ఇబ్బంది పిల్ల శిక్షణకి అడ్డం రాకూడదని మింగేస్తాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు, ఇద్దరూ ఏదో ఒకటి దాచుకుని తింటారు. ఆ ఇంట్లో ప్రేమకేం కొదవ లేదు. ఉన్నందుకే దాస్తారు.

మా నాన్న గుర్తొచ్చారు. కాశీనగర్ దగ్గర మాకు కొంచెం పొలం ఉండేది. నా బీఈడీ ఫీజుకి అమ్మేశారు. "కౌలుకిచ్చాను" అని చెప్పారు. ఐదేళ్ల తర్వాత, వేరేవాళ్లు ఆ గట్టు మీద కొబ్బరిమొక్కలు పాతుతుంటే చూశాను. ఇంటికొచ్చి అడగలేదు. ఆయన పోయేదాకా "కౌలు డబ్బులొచ్చాయా నాన్నా?" అనే అడుగుతూ వచ్చాను, ఆయన "వచ్చాయమ్మా" అంటూ వచ్చారు.

ఇది మంచో చెడో నాకు తెలియదు. ఆ కోడిమాంసం కొట్టు తెర మీద కనబడితే మాత్రం గొంతు పట్టేస్తుంది.

చాక్‌పొడీ, మీ ఆయన ఎలాంటి మనిషమ్మా?

---

చాక్‌పొడి

మంచి మనిషండీ. అదే నా బాధ.

ఆ డాక్టరు కూడా మంచివాడే కదా. బోక్-జూని ఒక్కసారి కూడా వెటకారం చేయడు. వెయిట్‌లిఫ్టర్‌నంటే మొహం చిట్లిస్తాడని ఎక్కడా లేదు. 19 ఏళ్లప్పుడు నాకనిపించింది ఏంటంటే, ప్రేమ కోసం చెప్పింది కదా, తప్పేముంది అని. ఇప్పుడు అనిపించింది, ఆయనకి అవకాశమే ఇవ్వలేదు ఆ పిల్ల. ఆయన ఏమంటాడో తనే ఊహించుకుని, తనే తీర్పు చెప్పేసుకుని, తనే సిగ్గుపడింది. ఆ తర్వాత పోటీలో ఆయన కళ్లెదురుగానే బరువెత్తాల్సి వచ్చింది. బరువు పైకి లేచింది గాని మనిషి కిందకి కుంగిపోయింది. ఆ ఘట్టం దగ్గర హాస్టల్లో మేం "పాపం ప్రేమ పోయింది" అని ఏడ్చాం. ఈసారి నేను ఏడ్చింది వేరే దానికి. అంత శుభ్రంగా ఎత్తింది. ఆ ఎత్తడం చూసి ఆమె సంబరపడలేకపోయింది. అది ఎంత నష్టమో ఎవరికి చెప్పను?

లిఫ్ట్ సరిగ్గా కుదిరితే ఎలా ఉంటుందో ఎత్తనివాళ్లకి చెప్పడం కష్టం. బరువే తెలియదు. బారు తొడలకి రాసుకుంటూ పైకి పోతుంది, ఒక్క క్షణం అది గాల్లో, నువ్వు దాని కింద. తర్వాత చేతులు నిటారుగా, ఎదురుగా మూడు తెల్ల దీపాలు, లిఫ్ట్ సరైందని జడ్జీలు వెలిగించేవి. నాకు అలా కుదిరినవి లెక్కపెట్టుకోగలను. మొత్తం ఏడు. ఏడూ గుర్తే.

జూన్-హ్యుంగ్ నాకెందుకు నచ్చాడో ఇప్పుడు తెలిసింది. గుణుపురం అన్నయ్యా, ఆ పేరు పెట్టి పిలవడం నాకూ ఇప్పుడు గుచ్చుకుంటోంది, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ అతని ముందు ఆ పిల్ల ఏమీ దాచక్కర్లేదు. తినడం, ఎత్తడం, చెమట, కోపం, అన్నీ అతనికి తెలుసు. తెలిసే వస్తాడు. మా హాస్టల్లో అందరం అతని నవ్వు చూసి పడిపోయామనుకున్నాం. మేం పడిపోయింది ఆ 'తెలిసి రావడం' చూసి.

---

గుణుపురం బండి

చెల్లెమ్మా, ఇది చదివాక నాలుగో భాగం పెట్టుకున్నాను. ఆ పేరు వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. కానీ చూస్తున్నాను.

నువ్వు ఆట ఎందుకు మానేశావు? అడగొచ్చో లేదో.

---

చాక్‌పొడి

అడగొచ్చన్నయ్యా. 2018లో ప్రపంచమంతటా విభాగాలు మార్చేశారు. 58 తీసేసి 55, 59 పెట్టారు. కోచ్‌గారు 55కి దిగమన్నారు. నా ఎత్తుకి అది కష్టం. దిగాను, మణికట్టు పోయింది. మూడు నెలలు కట్టు. ఆ మూడు నెలల్లో ఇంట్లో "ఇక చాల్లే" అన్నారు. నాకు కూడా, నిజం చెప్తున్నా, కొంచెం హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గుపడి ఆ తర్వాత ఒక్కసారి కూడా జిమ్ వైపు పోలేదు. ఠాకురాణి జాతరకి ఆ వీధిలోంచి వెళ్లాల్సి వస్తే పక్క సందులోంచి తిరిగి పోయేదాన్ని.

---

మజ్జిగౌరి వీధి

అప్పా, బోక్-జూకి కూడా మధ్యలో అదే వస్తుంది కదా. విసిగిపోయి వదిలేసి ఇంటికొచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఆ భాగాలు బోరని దాటించేశాం. చిన్నప్పట్నుంచి ఒకటే పని చేసిన పిల్ల, మొదటిసారి ఏ పనీ లేకుండా కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. జూడో మానేశాక నాకూ అంతే. సాయంత్రం ఐదయ్యేసరికి కాళ్లు వాటంతటవే చెప్పుల దగ్గరికి పోయేవి.

ఇంతకీ మీవారికి చెప్పేయండి. మాకెందుకో ఆయన తరఫున బాధగా ఉంది.

---

జయపురం మాస్టారు

నేనూ అదే అంటాను. కాని తొందరపెట్టను. బారు ఎప్పుడు ఎత్తాలో ఎత్తేవాళ్లే నిర్ణయించుకోవాలి.

---

చాక్‌పొడి

ఐదు రోజులు రాయలేదు, క్షమించండి. చెప్పేశాను.

పదకొండో భాగం చూస్తున్నాం. ఆపి, "నేను షటిల్ ఆడలేదు" అన్నాను. ఆయనకి ముందు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. నవ్వుతారనుకున్నాను, లేకపోతే ఆశ్చర్యపోతారనుకున్నాను. రెండూ కాదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మూడేళ్లు... నేనేం మనిషినని అనుకున్నావు?" అని మాత్రం అన్నారు. లేచి వెళ్లి పడుకున్నారు. రెండు రోజులు ముభావంగానే ఉన్నారు. ఆ రెండు రోజులూ నేను బోక్-జూ కంటే ఆ డాక్టరు గురించే ఎక్కువ ఆలోచించాను. ఆయనకి ఎలా అనిపించి ఉంటుందో ఆ సీరియల్లో ఎక్కువ చూపించలేదు. చూపించాల్సింది.

ఆదివారం పొద్దున్న, "మీ అమ్మావాళ్లింటికి పద" అన్నారు. అక్కడ ట్రంకు పెట్టె ఆయనే లాగారు. చీరలన్నీ మంచం మీద పెట్టి, సర్టిఫికెట్లు ఒక్కోటీ చదివారు. కొన్ని ఒడియాలో ఉన్నాయి, అవి నా చేత చదివించుకున్నారు. "స్నాచ్ ఏంటి, క్లీన్ ఏంటి?" అని అడిగారు. అమ్మ చీపురు తెచ్చిచ్చింది. నడిగదిలో, ఆ చీపురుకర్రతో, చీర కుచ్చిళ్లు ఎగదోపి, చూపించాను. ఏడేళ్ల తర్వాత. కర్రకేం బరువుంటుంది, అయినా మోకాళ్లు వణికాయి. మా మేనత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది, కళ్లు తుడుచుకుంటోంది, నోట మాట లేదు.

ఆయన కోపం పూర్తిగా పోలేదు. వచ్చేటప్పుడు బండి మీద, "ఇంకేమైనా ఉన్నాయా?" అన్నారు. లేవన్నాను. నిజంగా లేవు. అత్తగారికి ఇంకా చెప్పలేదు. అది ఎప్పుడో, ఎలాగో ఆలోచించుకోవాలి.

ఒక పతకం మాత్రం ఆయన జేబులో వేసుకొచ్చారు. బీరువాలో పెట్టారు. బయట పెట్టలేదు, బీరువాలోనే. నాకది చాలు ఇప్పటికి.

---

గుణుపురం బండి

చదువుతుంటే కళ్లు చెమర్చాయి చెల్లెమ్మా.

నేను పదహారు భాగాలూ పూర్తి చేశాను. నా స్నేహితుడికి ఫోన్ చేశాను, ఆ రైలు సంగతి చెప్పాను. వాడికి గుర్తే లేదు. "సారీరా" అన్నాడు, తర్వాత మళ్లీ తనే ఫోన్ చేసి, అరగంట ఏమీ తోచక వాతావరణం గురించి మాట్లాడాడు. నా అసలు పేరుతో పిలిచాడు. పదిహేనేళ్ల తర్వాత వాడి నోట నా పేరు కొత్తగా ఉంది.

---

గోపాల్‌పూర్ కెరటం

నేను ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎనిమిదో స్థానంలోనే ఉన్నాను. ఈ దసరాకి చూస్తాను.

---

మహేంద్రతనయ

చాక్‌పొడీ, మీరు రాసిందంతా మా పాపకి చదివి వినిపించాను. చీపురుకర్ర దగ్గర లేచి వెళ్లి, పెరట్లోంచి మామిడికాయలు కోసే గెడ పట్టుకొచ్చింది. "నాకూ నేర్పమని అడుగమ్మా" అంటోంది. నాకు భయంగానే ఉంది, ఎత్తు ఆగిపోతుందని ఇంట్లో పెద్దావిడ గోల. మీరేమంటారు? మాస్టారు ఏమంటారు?

---

జయపురం మాస్టారు

ఎత్తు ఆగిపోదమ్మా. పద్ధతిగా, నేర్పేవాళ్ల ఎదుట చేస్తే పదిహేనేళ్ల పిల్లకి ఏమీ కాదు. ప్రమాదమంతా తొందరపడి బరువు పెంచడంలో ఉంది. చాక్‌పొడి తల్లి నేర్పితే నేను నిశ్చింతగా ఉంటాను.

---

చాక్‌పొడి

మాస్టారూ, నేను నేర్పగలనో లేదో నాకే తెలియదు. కానీ నిన్న ఆ జిమ్ వీధిలోంచే నడిచి వెళ్లాను, పక్క సందులోంచి కాదు. తలుపు తీసే ఉంది. పాత సార్ కొడుకు ఉన్నాడు, గుర్తుపట్టాడు. ఆడవాళ్ల బారు, 15 కిలోలది, అదే ఉంది, ఒక చివర తుప్పు పట్టింది. పట్టుకోలేదు, తాకాను.

అమ్మా, వచ్చే నెల మొదటి ఆదివారం మీకు వీలైతే పాపని తీసుకుని బరంపురం రండి. మా ఇంట్లోనే భోజనం. మొదటి నెలంతా కర్రే, బారు ముట్టుకోనివ్వను. గొంతుక్కూర్చుని లేవడం, నడుం నిటారుగా పెట్టడం, ఇవే. చదునైన మడమ ఉన్న బూట్లు తేవాలి, మెత్తటి స్పాంజి బూట్లు వద్దు. జుట్టు బిగించి కట్టుకోవాలి. గోళ్లు కత్తిరించాలి. హుక్ గ్రిప్ నేర్పిస్తాను కాబట్టి బొటనవేళ్లకి చుట్టుకోవడానికి గుడ్డ ప్లాస్టర్ ఒక చుట్ట కొని తెమ్మనండి. మందుల షాపులో దొరుకుతుంది. తెల్లది, వెడల్పు తక్కువది.